కిటికీ లేని గోడకి కర్టెన్

ఆమెకి పేరు లేకపోలేదు గానీ, ఆ చుట్టుపక్కల ఎవరికీ దానితో పని పడలేదు. "కర్టెన్లావిడ" అంటే చాలు, రెండు వీధుల అవతలివాళ్ళు కూడా వేలెత్తి ఆ అద్దింటి గుమ్మం చూపిస్తారు. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన గుడ్డల తానులు, గోడ మేకుకి వేలాడే టేపు. వెనకగదిలో సంసారం. మొగుడు తినే కంచంలో దారం ముక్క కనబడని రోజు లేదు. ఆయనా దాన్ని పక్కకి తీసిపెట్టి తినడం ఎప్పుడో అలవాటు చేసుకున్నాడు.

పని మీద ఊళ్ళోని ఇళ్ళన్నీ తిరిగేది. టేపుతో కిటికీలు కొలిచేది, కళ్ళతో మిగతా ఇల్లంతా కొలిచేది. వంటగది ఎంతుంది, అలమారలు ఎన్ని, మెట్ల కింద కూడా సామాను గది పెట్టుకున్నారా, ఇంతింట్లో ఇద్దరే మనుషులా అని లోపల్లోపల ఉడుక్కునేది. ఇంటికొచ్చి అంతా మొగుడికి అప్పజెప్పేది. "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!" అని ఆయన నవ్వేవాడు. ఆయనకేం, నవ్వుతాడు. ఏ ఇంట్లోనైనా నిద్రపట్టే మనిషి.

ఆ పనిలో ఒక మర్మం ఉంది. అద్దెకున్నవాళ్ళు కర్టెన్ కుట్టించుకుంటే అడుగున జానెడు మడత వదలమంటారు. రేపు ఇల్లు మారితే అక్కడ కిటికీ ఎంత పొడుగుంటుందో ఎవడికి తెలుసు? మడత విప్పుకుంటే సరిపోతుంది. సొంతిల్లు ఉన్నవాళ్ళు మాత్రం, "మడతెందుకండీ, కొలతకి కుట్టెయ్యండి, మేమెక్కడికి పోతాం?" అంటారు. వాళ్ళు మామూలుగానే అంటారు. ఆమెకి మాత్రం సూది గోట్లో దిగినట్టుండేది. ఆమె సొంత కర్టెన్లకి, మడతలు విప్పినచోటల్లా రంగు వెలిసిన గీతలు, ఒకదాని కింద ఒకటి. ఏ గీత ఏ ఇంటిదో ఆమె చెప్పగలదు.

ఎవరి ఇల్లు చూసి కుళ్ళుకున్నా అది ఆ పూటతో పోయేది. చెల్లెలి ఇల్లు మాత్రం పోలేదు. అది లోపల కూర్చుండిపోయింది.

ఆ చెల్లెలు అక్క విడిచిన గౌన్లు తొడుక్కుని పెరిగిన పిల్ల. అక్క చదివిన పుస్తకాలు, అక్క వాడిన గొడుగు, ఆఖరికి అక్క దువ్వెన. అలాంటిది పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడూ తనూ కలిసి బ్యాంకులో అప్పు తీసుకుని ఇల్లు కొనేసింది. కొన్న వారానికి ఒక పాత ఫ్యాను ఆటోలో వేసుకుని అక్కింటికొచ్చింది. "మా ఇంట్లో అన్నీ కొత్తవి పెట్టించాం అక్కా. ఇది ఊరికే పడుంటుంది, నువ్వు వాడుకో," అంది. అక్క నవ్వుతూనే పుచ్చుకుంది. ఆ ఫ్యాను కిందే కూర్చుని ఇప్పటికీ మిషను తొక్కుతుంది. చల్లగాలికి కూడా ఒళ్ళు మండుతుందని ఆమెని చూస్తే తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా ఆమె గమనించింది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ దేన్నయినా "మన" అనే పిల్ల, ఇల్లు కొన్నాక "మా ఇల్లు", "మా మెట్లు", "మా గేటు" అనడం మొదలుపెట్టింది. ఒక్క అక్షరమే తేడా. ఆ ఒక్క అక్షరం అక్కని గేటు బయట నిలబెట్టేది.

ఇలా ఉండగా ఒకరోజు ఇంటి ఓనరు వచ్చాడు. పెద్దాయన, మంచివాడే. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, "ఈ ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నానమ్మా. ఇన్నాళ్ళుగా ఉంటున్నారు, ముందు మిమ్మల్ని అడగటం న్యాయం. మీకు కావాలంటే మీకే. లేదంటే నెలాఖరుకి బయటివాళ్ళకి ఇచ్చేస్తా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో, మోసుకొచ్చిన బస్తా దించబోయేవాడి కళ కనిపించింది. ఆమె చూసింది. చూసీ పట్టించుకోలేదు. అప్పటికే ఆమె మనసు గుమ్మానికి కొత్త రంగు వేయిస్తోంది, చెల్లెల్ని పిలిచి "మా ఇల్లు" అంటోంది.

మొగుడికి చెప్పింది. ఆయన మందుల షాపులో పని చేస్తాడు. పొద్దున్నుంచి చీకటిపడేదాకా కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. ఇంటికి రాగానే స్టూలు మీద కాళ్ళు చాపుకుని, కాసేపు ఎవరేం అడిగినా పలకడు. నిలబడటం తగ్గించకపోతే కష్టమని డాక్టరు చెప్పాడు. అందుకే ఇద్దరూ కలిసి ఇన్నేళ్ళూ పైసా పైసా దాచారు. ఇంకొక ఏడాది ఆగి ఆ ఉద్యోగం మానేసి, ఆ డబ్బుతో కూర్చుని చేసుకునే చిన్న వ్యాపారమేదైనా పెట్టుకుందామని ఆయన ఆశ. ఇల్లు కొంటే దాచినదంతా దానికే పోతుంది. పైన బ్యాంకు అప్పు. అంటే ఆయన జుట్టు పూర్తిగా నెరిసేదాకా ఆ కౌంటరు వెనకే నిలబడాలి.

"ఇది వదులుకుంటే మళ్ళీ రాదండీ," అంది ఆమె.

"వదులుకోకపోతే నా కాళ్ళు మళ్ళీ రావే," అన్నాడు ఆయన.

"ఎప్పుడూ వేళాకోళమే. జీవితాంతం అద్దె కొంపల్లోనే తిరుగుదామా?"

"అద్దెకుంటే మనకేం తక్కువైంది? కొళాయి కారితే ఓనరుకి ఫోను. కప్పు కారితే ఓనరుకి ఫోను. బాగుచేయిస్తాడో లేదో తర్వాత సంగతి, తల పట్టుకునేది ఆయన. సొంతమైతే ఎవరికి చెయ్యాలి ఫోను? నాకు నేనే చేసుకోవాలి. ఏనుగుని కొనడం కాదే, మేపడం గొప్ప."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ నీళ్ళు నిజమైనవే. చెల్లెలికి ఉన్నది తనకి లేదన్న ఏడుపు ఎప్పుడూ నిజమైనదే. ఆయన మెత్తబడ్డాడు. ఆయనకున్న పెద్ద జబ్బు కాళ్ళది కాదు, ఇదీ.

"సరే, ఒక పని చెయ్యి," అన్నాడు. "ఇంటి ధర ఎవడైనా చెబుతాడు. కొన్నాక ఎంతవుతుందో అందులో ఉన్నవాళ్ళే చెప్పాలి. నీ చెల్లెల్ని అడుగు. ఆ పిల్ల నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. 'పెద్ద ఖర్చులేం ఉండవు బావగారూ' అందంటే ఇంక నేనేం మాట్లాడను, సంతకం పెట్టేస్తా. ఈ కాళ్ళు ఇంకో పదేళ్ళు నిలబడతాయిలే."

మొత్తం వ్యవహారం చెల్లెలి నోటిమాట మీదికి వచ్చి ఆగింది. వెళ్ళి అడగాలంటే ఆమెకి నామోషీ. దాన్ని సలహా అడగడమంటే ఆ విషయంలో అది తనకంటే పెద్దదని ఒప్పుకోవడమే కదా! ఇలా తర్జనభర్జన పడుతుండగా చెల్లెలే ఫోన్ చేసింది. "అక్కా, ఇంట్లో కర్టెన్లన్నీ మార్చాలి, ఒకసారొచ్చి కొలతలు తీసుకో."

వెళ్ళింది. కిటికీలు కొలిచింది. "మడత వదలాలా?" అని, జవాబు తెలిసీ అడిగింది. కొన్ని దెబ్బలు అడిగి మరీ తింటాం. "వద్దక్కా, కొలతకే కుట్టు," అంది చెల్లెలు. తర్వాత హాలు మధ్యలో నిలబడి, వంటగదివైపు గోడని చూపించింది. దాన్ని ఆనించి అలమార ఒకటి, దాని పక్కన ఇంకో అలమార, ఖాళీ లేకుండా నిలబెట్టి ఉన్నాయి.

"ఈ అలమారలు తీయించేస్తాను. ఈ గోడకి కూడా ఒక కర్టెన్ కావాలి. పైనుంచి నేల దాకా, గోడంతా."

"అక్కడ కిటికీ లేదుగా!"

"లేదు. ఊరికే, అందానికి. లోపల మందమైన లైనింగ్ వెయ్యి. ఇంకా, గోడకి అంటుకోకుండా కొంచెం ఎడంగా వేలాడాలి."

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్న కిటికీలకి గుడ్డ వేసుకోవడానికే జనం రెండేసి నెలలు ఆలోచిస్తారు, ఈవిడగారు లేని కిటికీకి కూడా వేయిస్తుందట! ఎన్నో ఏళ్ళుగా కర్టెన్లు కుడుతున్న మనిషి ఆమె. వేరే ఎవరైనా గోడకి అంటుకోకుండా వేలాడాలి అంటే ఎందుకో ఇట్టే పట్టేసేది. కానీ చెల్లెలి దగ్గరికొచ్చేసరికి ఆమెకి గోడ కనిపించలేదు, గర్వం మాత్రమే కనిపించింది. గుడ్డల్లో డబ్బు పారబోస్తోంది చూడు అనుకుంటూ కొలత రాసుకుంది.

వెళ్ళేముందు, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "అవునే, సొంతింటికి ఖర్చులు బాగా అవుతాయంటారు, నిజమేనా?"

చెల్లెలు తేలుకుట్టిన దొంగలా చూసింది. "ఖర్చులా? ఏముంటాయి? అవన్నీ మీ మరిది చూసుకుంటారు. కర్టెన్లు తగిలించడానికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాంలే. వచ్చే ఆదివారం రా. నేను ఇంట్లో ఉన్నప్పుడే రా," అని గేటు దాకా వచ్చి సాగనంపింది.

ఆదివారం ఆమె చెప్పిన వేళకంటే ముందే వెళ్ళింది. మరిది ఇంట్లో లేడు. చెల్లెలు దుకాణానికి వెళ్ళిందని, ఇప్పుడే వచ్చేస్తుందని పనిమనిషి తాళం చెవి ఇచ్చి వెళ్ళిపోయింది. కూర్చుని ఎదురుచూసే అలవాటు ఆమెకి లేదు. అలమారలు అప్పటికే తీసేశారు. ఆ గోడకి కొత్తగా రంగు వేసి ఉంది. ముందు పెద్ద పని ముగిద్దామని స్టూలెక్కి, కర్టెన్ కడ్డీ కోసం గుర్తు పెట్టి డ్రిల్లింగ్ మిషను ఆనించింది.

గోడలో దిగేటప్పుడు మిషను గట్టిగా అరవాలి. అరవలేదు. తడిపిన పిండిలో వేలు దిగినట్టు లోపలికి పోయింది. ఆమె బయటికి లాగేసరికి, కొత్త రంగు పొరతో సహా గోడ పెచ్చు ఒకటి తలుపంత ఊడి కింద పడింది. లోపల ఇటుకలు నల్లగా, చెమ్మగా ఉన్నాయి. మూసిపెట్టిన తడిబట్టల కంపు గుప్పున కొట్టింది.

ఆమె స్టూలు మీదే నిలబడిపోయింది. మొదట ఆమెకి కలిగింది జాలి కాదు. గుండెల్లోంచి ఏదో బరువు జారినట్టు, ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్ళు తాగినట్టు, హాయిగా అనిపించింది. పైన పటారం, లోన లొటారం అన్నమాట! అమ్మయ్య!

అప్పుడే చెల్లెలు లోపలికొచ్చింది. గోడని చూసింది, అక్కని చూసింది, చేతిలో సంచీ వదిలేసి ఆ పెచ్చుల పక్కనే నేల మీద కూలబడింది.

"నేను ఇంట్లో ఉన్నప్పుడే రమ్మన్నానుగా అక్కా," అంది. తర్వాత ఏడ్చింది.

ఏడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న నోరు, ఒక్కసారి తెరుచుకున్నాక ఆగలేదు.

"మొదటి వానకే పైకప్పు చెమ్మెక్కింది. పైన ఏదో పూయించాం. తర్వాత వానకి నీళ్ళు గోడలోంచి వచ్చాయి. వాన కాదు, గోడలో పైపు పగిలిందన్నారు. ఎక్కడ పగిలిందో తెలియాలంటే గోడంతా పగలగొట్టాలట. పగలగొట్టడానికి ఒక రేటు, మళ్ళీ పూడ్చడానికి ఒక రేటు. పగలగొట్టినవాడు పూడ్చడట! ఈలోగా నీళ్ళ మోటారు కాలింది. తలుపులకి చెదపట్టింది, అన్ని తలుపులకీ మందు కొట్టించాల్సిందే, ఒక్కదానికి కొడితే పక్కదానికి పోతాయట. వీధిలో కాలువ తవ్వితే మా వాటా. ఏటా పన్ను. ఇన్సూరెన్స్ ఉందిగా అని వెళితే, గోడ చెమ్మ అందులోకి రాదన్నారు. నెలనెలా బ్యాంకు వాయిదా ఒక్కటే అనుకున్నామక్కా. వాయిదా వెనక దాని పిల్లలు కూడా వస్తాయని మాకెవరూ చెప్పలేదు."

"మరిదేడీ?"

"ఆదివారాలు కూడా వేరేచోట పనికి పోతున్నారు. ఆరునెలలైంది. ఇంటికోసం పనికి పోయి, ఇంటికి నిద్రపోవడానికి వస్తున్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారే, కట్టాక ఇంకా ఏమేం చూడాలో ఆ సామెత చెప్పినవాడికే తెలియాలి."

"ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదే?"

చెల్లెలు తలెత్తింది. "ఏ మొహంతో చెప్పను? పాత ఫ్యాను తెచ్చి నీ చేతిలో పెట్టిన దాన్ని, గోడ కారుతోందక్కా అని ఎలా చెప్పను? నీకు తెలుసా, మీ ఇంటికొచ్చినప్పుడల్లా నాకు కుళ్ళుగా ఉండేది. ఆ రోజు మీ బాత్రూమ్ కొళాయి విరిగింది గుర్తుందా? బావగారు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. ఓనరుకి ఫోన్ చేసి చెప్పి, మళ్ళీ టీ తాగారు. ఆ టీ తాగడం చూసి నాకు ఏడుపొచ్చింది."

అక్కకి ఆ మాట తియ్యగా తగిలింది. ఇన్నాళ్ళకి ఇది నన్ను చూసి కుళ్ళుకుంది! ఆ తీపి ఇంకా నోట్లో ఉండగానే చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ ఓనరు ఇల్లు అమ్ముతున్నాడని విన్నాను. మొన్న నువ్వు ఖర్చుల గురించి అడిగింది అందుకేగా? కొనొద్దక్కా. ఆ ఇల్లు మా ఇంటికంటే పాతది. బావగారి కాళ్ళు చూడు. ఆ డబ్బు ఆయన కాళ్ళకి ఉంచుకో."

ఒక్క క్షణం ఆ మాట సూటిగానే లోపలికి దిగింది. ఆ వెంటనే ఆమెలోని రెండో మనిషి లేచి కూర్చుంది. ఓహో, ఈ ఏడుపంతా ఇందుకా! తనకొక్కదానికే సొంతిల్లు ఉండాలి, అక్క మాత్రం అద్దింట్లోనే ఉండాలి. ఇది నెత్తిన ఇల్లు పెట్టుకుని నన్ను వద్దంటోంది. అంత కష్టమైతే అమ్మెయ్యొచ్చుగా? అమ్మదు! ఎవరమ్ముతారు?

"నువ్వేం దిగులుపడకు," అంది అక్క, చెయ్యి విడిపించుకుంటూ. "లే, పెచ్చులు ఊడ్చెయ్. కడ్డీ గోడకి ఆగదు. పైన శ్లాబుకి బిగిస్తాను."

బిగించింది. మంచి పనిమంతురాలు కదా, కుచ్చులు సమంగా పడేదాకా సర్ది మరీ దిగింది. చెమ్మ, పెచ్చులు, నల్ల ఇటుకలు అన్నీ కర్టెన్ వెనక్కి పోయాయి. హాలు నిజంగానే అందంగా తయారైంది. అది చూసి ఆమెకి మళ్ళీ కడుపు మండింది.

దారి పొడుగునా చెల్లెలి మాటలే చెవుల్లో తిరిగాయి. అది చెప్పిన కష్టాలన్నీ తలుచుకుంది. మా గోడ, మా మోటారు, మా తలుపులు, మా వాటా. ఏడుపులో కూడా అన్నిటికీ ముందు "మా" ఉంది. తనకి చెప్పుకోవడానికి ఏముంది? ఓనరుగారి కొళాయి. సిగ్గు లేకుండా నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం ఆమె చెల్లెలి చెమ్మగోడని చూసి కూడా కుళ్ళుకుంది.

ఇంటికొచ్చేసరికి మొగుడు స్టూలు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పిక్కలకి నూనె రాసుకుంటున్నాడు.

"ఏమంది మరదలు?"

ఆమె సంచీ దించింది. టేపు తీసి మేకుకి తగిలించింది. చెప్పేద్దామనే అనుకుంది. నోరు తెరిచేదాకా చెప్పేద్దామనే అనుకుంది.

"ఏముంటాయి, పెద్ద ఖర్చులేం ఉండవంది."

"నిజంగా?"

"నిజంగానే."

ఆయన మొహం వెలిగింది. అది ఇంటికోసం వెలిగింది కాదు, ఆమె కోసం. "అయితే ఆ పిల్ల నోటితో నేనూ ఒకసారి వింటా," అని పక్కనున్న ఫోను తీశాడు. ఆమె వద్దనే లోపే నొక్కేశాడు. ఆమె కూడా వినాలని స్పీకరు పెట్టాడు.

"ఏం మరదలా, సొంతింటికి పెద్ద ఖర్చులేం ఉండవన్నావట! మీ అక్క చెప్పింది. నీ మాట మీదే దిగుతున్నానమ్మా ఇందులోకి."

ఆమె మిషను అంచు పట్టుకుని నిలబడింది. ఇంకొక్క మాటతో అక్క అబద్ధం బట్టబయలవుతుంది. దానికి హక్కుంది, అంటుంది, అనాలి కూడా.

"అవును బావగారూ," అంది చెల్లెలు చివరికి. చాలా మెల్లగా అంది. "అక్కకేం చెప్పానో అదే. ఒకసారి ఫోను అక్కకివ్వండి. స్పీకరు తీసెయ్యండి."

ఆయన నవ్వుతూ ఫోను అందించాడు. ఆమె చెవికి ఆనించుకుంది.

"నిన్ను ఆయన ముందు తలదించుకునేలా చెయ్యలేకపోయానక్కా," అంటోంది చెల్లెలు. "ఇంక నీ ఇష్టం. పక్కనే ఉన్నారుగా. ఇప్పుడైనా నువ్వే చెప్పు. కాళ్ళు ఆయనవి."

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన నూనె సీసా మూత బిగిస్తున్నాడు. ఇప్పుడు చెప్పాలంటే ఒక్క మాట చాలు. కానీ ఆ ఒక్క మాట చెబితే, మొదట నిజం చెప్పింది చెల్లెలవుతుంది, అబద్ధం చెప్పింది తనే అవుతుంది, ఇల్లు కూడా దానికే ఉంటుంది. ఇన్ని విషయాల్లో ఒకేసారి దానికంటే వెనకబడటం ఆమె వల్ల కాలేదు.

"సరే, ఉంటా," అని ఫోను పెట్టేసింది.

"ఏమంటోంది?" అన్నాడు ఆయన.

"సంతోషంగా ఉందట."

"ఉండదూ మరి, అక్కకి ఇల్లు వస్తుంటే!" అని ఆయన స్టూలు మీంచి కాళ్ళు ఒక్కొక్కటే కిందికి దించాడు. గోడ పట్టుకుని లేచి, ఓనరుకి మాటిచ్చేద్దామని చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.